యర్రయ్య నడుముకి పప్పుగుత్తి

...కాదండీ, అది తుపాకీ కాదు. మీరూ అలాగే అనుకుంటారు, అందులో మీ తప్పేమీ లేదు. ఒక మనిషి నడుముకి వెడల్పాటి బెల్టు, ఆ బెల్టుకి కుడిపక్క పిస్తోలు పెట్టుకునే తోలు ఒర, ఒరలోంచి నున్నటి పిడి ఒకటి తొంగి చూస్తూ ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? పైగా ఊరు సింగపూరు. చూయింగ్ గమ్ము అమ్మడానికే ఒప్పుకోని ఊళ్లో అరవై ఎనిమిదేళ్ల పెద్దమనిషి ఒర కట్టుకుని కూరగాయలకి వస్తే జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. వెయ్యాలి కూడా.

కానీ ఒరలో ఉన్నది పప్పుగుత్తి. టేకుది. తల లోపల, పిడి బయట.

మిగతా అన్నిట్లో యర్రయ్య మామూలు మనిషే. కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకుంటాడు, లాటరీ టిక్కెట్టు కొని పారేసుకుంటాడు, క్రికెట్ చూస్తూ నిద్రపోతాడు. ఉన్న వింతల్లా ఒక్కటే. ఎలుగుబంటి మీద పడితే కాచుకోవడానికి నడుముకి ఆయుధం లేకుండా గడప దాటడు. గుడికైనా అంతే, బ్యాంకుకైనా అంతే, పళ్ల డాక్టరు దగ్గరికైనా అంతే.

"అంకుల్, సింగపూర్లో ఎలుగుబంటి జూలో తప్ప ఎక్కడుంది?" అని అడిగితే,

"జూలో ఉంది కదా. మరి?" అంటాడు.

"పోనీ, సంచిలో పెట్టుకోవచ్చుగా?" అన్నారనుకోండి, అప్పుడు చూపుడువేలు పైకి లేస్తుంది.

"నడుముకుంటే ఆయుధం. సంచిలో ఉంటే సామాను."

భువన ఆయన్ని మొదటిసారి చూసింది లిఫ్టులో. తణుకు నుంచి వచ్చి అప్పటికి వారం. చాంగీ బిజినెస్ పార్కులో కొత్త ఉద్యోగం, పాసిర్ రిస్‌లో తొమ్మిదో అంతస్తులో అద్దెకి ఒక గది. కిందికి దిగుతుంటే ఆరో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు బెల్టు కనబడింది, తర్వాత ఒర, ఆ తర్వాత మనిషి.

భువన రెండు చేతులూ పైకెత్తేసింది.

యర్రయ్య ఆ చేతుల వంక చూశాడు. గాజులు చూశాడు, బొట్టు చూశాడు. "తెలుగమ్మాయివా? ఏటమ్మా, దేవుడికి మొక్కతన్నావా, నాకు లొంగిపోతన్నావా?"

తెలుగు వినబడేసరికి భువనకి సగం ప్రాణం వచ్చింది. "అంకుల్... మీ నడుముకి... అదీ..."

"పప్పుగుత్తమ్మా."

"పప్పుగుత్తా?"

"మరి? పిస్తోలు కట్టుకుంటే ఈ ఊళ్లో ఊరుకుంటారేటి?"

నాలుగో అంతస్తు దాకా భువన చేతులు కిందికి దించలేదు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి రైలెక్కేదాకా నవ్వింది.

యర్రయ్యది మలేషియాలో పుట్టిన తెలుగు కుటుంబం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి కొబ్బరితోటల పనికి వెళ్లారు. యర్రయ్య కుర్రతనంలోనే పని వెతుక్కుంటూ సింగపూరు దిగి, ఒక చేపల వ్యాపారి దగ్గర ముప్ఫై ఏళ్లు కారు నడిపాడు. ఆ చైనా యజమానిని తావ్కే అనేవాడు, ఇప్పటికీ అలాగే అంటాడు. ఈ తావ్కేకి వేట పిచ్చి. యర్రయ్య రిటైరయ్యే ఏడాది అలాస్కా అడవుల్లో దుప్పి వేటకి వెళ్తూ, యర్రయ్య పప్పు లేకపోతే ముద్ద దిగదని ఆయన్నీ వెంటేసుకుపోయాడు. బియ్యం, కందిపప్పు, చింతపండు, పప్పుగుత్తి, యర్రయ్య. అన్నీ విమానం ఎక్కాయి.

ఆ కథ బ్లాకులో అందరికీ వచ్చు. భువనకి మొదటిసారి ఆరో అంతస్తులో ఆయనింట్లోనే టీ తాగుతూ వినే భాగ్యం కలిగింది.

"అక్కడ రూలు వేరమ్మా," అన్నాడు యర్రయ్య. "పెద్ద తుపాకీ వేటకి. నడుముకి చిన్నది, అది ఎలుగుబంటికి. తిన్నా, పడుకున్నా, చెంబట్టుకెళ్లినా అది ఒంటి మీదే ఉండాల. ఎందుకో తెల్సా? దుప్పి పడింది. పెద్ద తుపాకీ చెట్టుకి ఆనించీసి నువ్వు దాన్ని కోస్తన్నావు. మోచేతుల దాకా నెత్తురు. ఆ వాసనకి వెనకనించి అది వొచ్చీసింది. అప్పుడు సంచీ జిప్పు తీస్తావేటి? మాకు దారి సూపించే గైడు రోజూ సెప్పీవోడు, రోజూ!"

"మరి మీకిచ్చారా అంకుల్, తుపాకీ?"

"నాకెందుకిస్తారు, నాను వంటోడిని. సరే, ఓ రోజు పొద్దున్న నాను పప్పు మెదుపుతన్నాను. గైడు మొహం కడుక్కోడానికి ఏటికెళ్లాడు. ఆడి పిస్తోలు కొమ్మకి తగిలించి వెళ్లాడు, సూసుకో మరి! తల ఎత్తేసరికి ఎదర నిలబడుంది."

"ఎంతుంది?"

"మన ఫ్రిజ్జంత. సేతిలో ఏటుంది? పప్పుగుత్తి. ఎత్తీసినాను. పప్పు కారతంది. అది నన్ను సూసింది, నాను దాన్ని సూసినాను. ఎనక్కి తిరిగి ఎల్లిపోనాది."

"పప్పు రుచి చూసుంటాది," అంది వంటింట్లోంచి ఆయన భార్య పైడమ్మ. "అందుకే ఎల్లిపోనాది."

ఆ గైడే మెచ్చి ఒర బహుమతిగా ఇచ్చాడని యర్రయ్య చెప్పుకుంటాడు. ఎలుగుబంటి మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంది. మరుసటి నెలకి అది బీరువా అంత అయింది. గుళ్లో చెప్పినప్పుడు లిఫ్టంత. పక్కింటివాళ్ల పాప పుట్టినరోజుకి రెండంతస్తుల బస్సంత అయిపోయింది.

చౌక తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే హాకర్ సెంటర్లో భోజనానికి వెళ్తే అందరూ ఏం చేస్తారు? బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి సీటు చోప్ చేసుకుని, అంటే తమదని గుర్తు పెట్టుకుని, అన్నం తెచ్చుకోవడానికి లైన్లో నిలబడతారు. యర్రయ్య పప్పుగుత్తి పెట్టేవాడు. టిష్యూ పెడితే ఒక కుర్చీ దక్కుతుంది. పప్పుగుత్తి పెడితే చుట్టూ నాలుగు బల్లలు ఖాళీ అయ్యేవి. ఒకరోజు బల్లలు తుడిచే ఆంటీ అది ఎవరో వదిలేసిన సామాననుకుని ఎంగిలి ట్రేలతో పాటు తీసుకెళ్లిపోయింది. యర్రయ్య వంటపాత్రలు కడిగే చోటిదాకా పరిగెత్తి, మోచేతుల దాకా నురగతో పప్పుగుత్తిని ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడు. కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచి నిలబడ్డారు.

పోలీసులు వచ్చిన రోజు కూతురు పునీత కూడా పక్కనే ఉంది. పునీత రాఫెల్స్ ప్లేస్‌లో పెద్ద ఉద్యోగం చేస్తుంది, తండ్రితో బయటికి వెళ్లాలంటే నల్లకళ్లద్దాలు పెట్టుకుంటుంది. మార్కెట్లో ఎవరో నడుముకి తుపాకీతో తిరుగుతున్నారని కబురందితే ఇద్దరు కుర్ర పోలీసులు వచ్చారు. మర్యాదగానే అడిగారు.

"అంకుల్, నడుముకి అదేంటి?"

"ఆయుధం," అన్నాడు యర్రయ్య.

"నాన్నా! ప్లీజ్ లాహ్!" అంది పునీత. "ఆఫీసర్, ఇట్స్ ఫర్ దాల్! ఓన్లీ దాల్!"

"దేనికి వాడతారు అంకుల్?"

"రెండిటికి. ఎలుగుబంటికీ, పప్పుకీ."

కుర్ర పోలీసు దాన్ని బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. ఇంగువ వాసన. రెండోవాడు పుస్తకంలో ఏదో రాయబోయి, ఏం రాయాలో తెలియక కలం నోట్లో పెట్టుకున్నాడు. చివరికి పప్పుగుత్తి ఇచ్చేసి, జాగ్రత్త అంకుల్ అని చెప్పి వెళ్లబోతుంటే యర్రయ్య పిలిచాడు.

"బాబూ, ఒక్క మాట. నీ ఒర బాగా వెనక్కుంది. సెయ్యి అక్కడికెల్లీసరికి రెండు సెకన్లు. అంతలో అది నిన్ను తినీదా? కొంచెం ముందుకి జరుపుకో."

కుర్ర పోలీసు పది అడుగులు వెళ్లి, ఎవరూ చూడటం లేదనుకుని, జరుపుకున్నాడు.

ఇదంతా భువనకి నవ్వులాటగానే ఉండేది, ఆ అడవిపంది సంగతి జరక్కపోతే.

బ్లాకు నుంచి పార్కులోంచి రైలు స్టేషనుకి వెళ్లే కాలిబాట పక్కన చిన్న అడవి ముక్క ఉంది. అందులో అడవిపందులు ఉన్నాయి, హెచ్చరిక బోర్డు కూడా ఉంది. భువన రోజూ ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ వెళ్లేది. ఒకరోజు బోర్డు కింద బోర్డులో ఉన్నదే నిలబడి ఉంది. భువన పరిగెత్తింది. బోర్డు మీద పరిగెత్తొద్దని రాసి ఉన్నా పరిగెత్తింది. అది వెంటబడింది. ఇరవై అడుగులకి భువన బోర్లాపడింది, పంది ఆమెని దాటుకుని ఎటో వెళ్లిపోయింది. మోకాలు చీరుకుంది, అంతే. కానీ మర్నాటి నుంచి కాళ్లు మొరాయించాయి.

భువన ఆఫీసులో ఆస్ట్రేలియా వాళ్ల పని చూస్తుంది. షిఫ్టు ఆరున్నరకే మొదలు. ఐదున్నరకి బ్లాకు కిందికి దిగేది. వాయిడ్ డెక్ అంటారు, బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా. అక్కడి దాకా బాగానే వచ్చేది, అక్కడి నుంచి అడుగు పడేది కాదు. స్తంభం వెనక నిలబడి, ఆ దారినే వెళ్లేవాళ్లు ఎవరైనా వస్తే వాళ్ల వెనకాల నడిచేది. ఆ వేళ ఎవరొస్తారు? ఒక రోజు వస్తారు, మూడు రోజులు రారు. కొన్నాళ్లు టాక్సీ ఎక్కింది. జీతంలో అద్దె పోగా మిగిలింది టాక్సీకి సరిపోలేదు.

ఆఫీసులో ఆమె పై అధికారి నిశాంత్ పిలిచి కూర్చోబెట్టాడు.

"భువనా, నీ వర్క్ సూపర్. కానీ ప్రొబేషన్‌లో ఆరుసార్లు లేటు. నెలాఖరుకి రివ్యూ ఉంది. ఇంకొక్కసారి లేటైతే నా చేతుల్లో ఉండదు."

ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాసు పోతుంది. పాసు పోతే నెలరోజుల్లో తణుకు. పందికి భయపడి తిరిగొచ్చానని ఊళ్లో ఎలా చెప్తుంది? రివ్యూ దాకా ఒక్క రోజు కూడా లేటు కాకుండా ఆ దారిన నడవాలి. కావాల్సింది అంతే. అదే కావడం లేదు.

ఆ ఆదివారం పైడమ్మ మెట్ల దగ్గర ఎదురుపడి చెయ్యి పట్టుకుంది.

"భువనమ్మా, నాకో సాయం సేసిపెట్టాల. మీ అంకుల్‌ని పొద్దున్నే నడవమని డాక్టరు సెప్పాడు. ఒక్కడూ ఎల్లడంట. తోడు లేకపోతే దారిలో కూలబడిపోతాడేమోనని నాకు బెంగ. నువ్వు స్టేషనుకి ఎల్లీటప్పుడు కూడా తీసుకెల్తావా, తల్లీ?"

భువన ఒప్పుకుంది. పెద్దాయన, పాపం, తోడు కావాలన్నారు. కాదంటే బాగుండదు కదా.

సోమవారం ఐదున్నరకి యర్రయ్య వాయిడ్ డెక్‌లో సిద్ధంగా ఉన్నాడు. మెడకి మఫ్లరు, భుజానికి నీళ్లసీసా సంచి, నడుముకి ఒర.

"నువ్వు ఎడంపక్క నడువు. కుడిపక్క నాకు సెయ్యి ఆడాల."

"సరే అంకుల్."

"బాబీ హుతాన్ వొస్తే అరవకు, పరిగెత్తకు. నా ఎనకాలకి వొచ్చీ." మలయ్ భాషలో అడవిపందిని అలా అంటారు. యర్రయ్య దాన్ని మీసం మీద చెయ్యేసి పలికాడు. "సూడు, ఎంత స్పీడో."

ఒరలోంచి లాగాడు. అది చొక్కాలో ఇరుక్కుంది. మళ్లీ లాగాడు. చొక్కా గుండీ ఊడి కాలవలో పడింది.

"రెండు సెకన్లు," అన్నాడు యర్రయ్య.

"సూపర్ అంకుల్," అంది భువన.

ఆ రోజు నడిచింది. మంగళవారం నడిచింది. పెద్దాయన గుంటలో కాలు వేస్తాడేమో, దగ్గొస్తే నీళ్లిద్దామా, ఇంత మెల్లగా నడిస్తే డాక్టరు ఏమంటాడో... ఇవన్నీ చూసుకోవడంలో అడవి ముక్క ఎప్పుడు దాటిపోయిందో ఆమెకే తెలిసేది కాదు. ఎలుగుబంటి మాత్రం రోజుకొక మూర పెరిగేది.

"నిన్న బస్సంత అన్నారు అంకుల్."

"అది నాలుగు కాళ్ల మీద ఉన్నప్పుడమ్మా. లేచి నిలబడితే?"

మూడు వారాలు గడిచాయి. ఒక్క రోజు లేటు లేదు. రివ్యూ శుక్రవారం, పొద్దున్న షిఫ్టు మొదలవగానే. గురువారం సాయంత్రం పైడమ్మ గుడి ప్రసాదానికి రెండు కిలోల పప్పు వండాల్సొచ్చింది. ఇంట్లో ఉన్న పప్పుగుత్తి ఒక్కటే, అది మొగుడి నడుముకి ఉంది. ఆయన నిద్రపోయాక మెల్లిగా తీసుకుంది. ఒర బోసిగా కనబడితే పొద్దున్నే రామాయణం అవుతుందని, చేతికి దొరికిన బీరకాయ ఒకటి తలకిందులుగా దూర్చి, తొడిమ బయటికి పెట్టింది. తెల్లారేలోగా మార్చేద్దామనుకుంది. నిద్ర పట్టేసింది.

శుక్రవారం భువన ఇస్త్రీ చేసిన కొత్త చుడీదారు వేసుకుంది. యర్రయ్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, రివ్యూ తనకే ఉన్నట్టు. బోర్డు దాటి మలుపు తిరిగారు. దారికి అడ్డంగా పంది. దాని వెనక అయిదు పిల్లలు, ఒళ్లంతా చారలు.

భువన కాళ్లు అక్కడే పాతుకుపోయాయి.

"ఎనకాలకి రా," అన్నాడు యర్రయ్య.

చెయ్యి ఒర మీదికి వెళ్లింది. ఆ రోజు చొక్కాలో ఇరుక్కోలేదు. ముప్పావు సెకను. ఆయన జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ తియ్యలేదు. చెయ్యి చాచి పంది ముఖానికి గురిపెట్టాడు.

బీరకాయ.

యర్రయ్య బీరకాయ వంక చూశాడు. పంది కూడా చూసింది. పంది ముక్కు ఎగరేసింది. ఒకడుగు ముందుకి వేసింది.

"అంకుల్," అంది భువన, పెదాలు కదపకుండా. "అది దానికి కావాలంట."

"తెలస్తంది."

"పడెయ్యండి అంకుల్, తినేసి పోతుంది!"

"పడీడమేటి! అడవి జంతువుకి తిండి పెడితే ఫైనమ్మా! బోర్డు సూళ్లేదా?"

"అంకుల్, ప్రాణం పోయేలా ఉంటే ఫైనంటారేంటండీ!"

"రూలు రూలే!"

పంది ఇంకో అడుగు వేసింది. యర్రయ్య బీరకాయని కుడిపక్కకి జరిపాడు. పంది తల కుడిపక్కకి తిరిగింది. ఎడంపక్కకి జరిపాడు. ఆరు తలలూ ఎడంపక్కకి తిరిగాయి. అప్పుడు ఆయనకి ఏదో తోచింది. బీరకాయ పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, దారి దిగి గడ్డిలోకి నడిచాడు. పంది వెనకాల నడిచింది. పందిపిల్లలు వరసగా వాటి అమ్మ వెనకాల. దారి ఖాళీ అయింది.

"ఎల్లమ్మా!" అన్నాడు, తల తిప్పకుండా. "ట్రైను పోతాది, ఎల్లు!"

"మిమ్మల్ని వదిలేసి ఎలా అంకుల్?"

"నాకు అలాస్కా అనుభవం ఉంది! ఎల్లు!"

కానీ ఆయన మోకాళ్లు ప్యాంటు లోపల గిలగిల్లాడుతున్నాయి. భువనకి అవి ఆ చీకట్లో కూడా కనబడ్డాయి. ఆమె పరిగెత్తలేదు. గబగబా నడిచింది. స్టేషను దీపాల కిందికి వెళ్లాక ఆగి, పైడమ్మకి ఫోన్ చేసి, "ఆంటీ, పార్కుకి ఎవరినైనా పంపండి, అంకుల్ పందుల్ని తీసుకుని నడుస్తున్నారు," అని చెప్పి రైలెక్కింది. పైడమ్మ మళ్లీ ఫోన్ చేసేదాకా ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామనుకుంది.

తర్వాత జరిగింది పార్కులో పరుగుకి వచ్చినవాళ్లు చెప్పారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన బీరకాయ జెండాలా ఎత్తి పట్టుకుని ముందు, అయిదు పిల్లలతో పంది వెనక. పెళ్లి ఊరేగింపులా పావుగంట నడిచారట. చెయ్యి నొప్పెట్టి కిందికి దించితే పంది దగ్గరికి వచ్చేది, మళ్లీ ఎత్తేవాడు. చివరికి సైకిల్ మీద వెళ్తున్న చైనా ఆంటీ ఒకావిడ దూరంగా ఆగి అరిచింది.

"అంకుల్! బ్యాగులో పెట్టు లాహ్!"

యర్రయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. అంత కష్టమైన ఆలోచన ఆయన జన్మలో చేసి ఉండడు. భుజానికున్న సంచి జిప్పు తీశాడు, బీరకాయ లోపల పెట్టాడు, జిప్పు వేశాడు. పంది కాసేపు చూసి, పిల్లల్ని తీసుకుని చెట్లలోకి పోయింది. యర్రయ్య గడ్డిలో కూలబడ్డాడు. పైడమ్మ నైటీ మీద తువ్వాలు కప్పుకుని పరిగెత్తుకొచ్చేసరికి సంచి గుండెలకి హత్తుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏటే ఇది? ఒరలో బీరకాయేటి?" అన్నాడు.

"మద్యాన్నం పప్పులోకి," అంది పైడమ్మ.

భువన ఆఫీసుకి ఆరూ పదికే చేరింది. రివ్యూలో నిశాంత్ ఏదో అడుగుతుంటే మధ్యలో ఒకసారి పకాలున నవ్వింది, కారణం చెప్పలేకపోయింది. అయినా ఉద్యోగం ఖాయమైంది.

సాయంత్రం పాలకోవా డబ్బా పట్టుకుని నేరుగా ఆరో అంతస్తుకి వచ్చింది. పైడమ్మ ఒక్కతే ఉంది. సంగతి విని బుగ్గలు నొక్కి, ఇంకెక్కడికీ పోనివ్వకుండా వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది.

"పులిహోర సేస్తన్నాను, తినే ఎల్లాల."

"అంకుల్ ఎలా ఉన్నారు ఆంటీ? పొద్దున్న పాపం కాళ్లు వణికిపోయాయి. అలాస్కాలో ఎలుగుబంటికే భయపడని మనిషి!"

పైడమ్మ పసుపు కలుపుతున్న చెయ్యి ఆపి భువన వంక చూసింది. చూసి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏ ఎలుగుబంటి, తల్లీ? ఈయన బల్లిని సూస్తే మంచం ఎక్కీ మనిషి! అక్కడ పన్నెండు రోజుల్లో ఎలుగుబంటి కాదు కదా, దాని పేడ కూడా సూళ్లేదు. తావ్కే భార్య నాకు అంతా సెప్పింది."

"మరి ఆ ఒర?"

"అదా? మొదటి రెండు రాత్రులూ గుడారంలో దుప్పటి కప్పుకుని కూకుని ఏడిసినాడంట. మూడో రాత్రి ఆ గైడు తన పిస్తోలు తీసి దాసుకుని, ఖాళీ ఒర ఈయన నడుముకి కట్టి పడుకోమన్నాడంట. ఈయన 'ఇందులో ఏటీ లేదు కదా' అంటే, 'ఆ సంగతి ఎలుగుబంటికి తెల్దు కదా' అన్నాడంట. అంతే, గురక పెట్టి పడుకున్నాడు. ఎల్లీటప్పుడు ఆ బాబు అది ఈయనకే ఇచ్చీసినాడు."

భువన పీట పైడమ్మ దగ్గరికి జరుపుకుంది.

"మరి పొద్దున్నే నడవమని డాక్టరు..."

"ఏ డాక్టరు! రిటైరయ్యాక ఎనిమిదింటికి ముందు లేచిన మొగుడు కాదమ్మా అది. ఓ రోజు తెల్లార్నే పునీతని ఎయిర్‌పోర్ట్‌కి పంపడానికి దిగినాడు. నువ్వు స్తంభం ఎనకాల నిలబడి ఉన్నావంట. మర్నాడు అలారం పెట్టుకుని మరీ దిగి సూసినాడు, మళ్లీ ఉన్నావంట. పైకొచ్చి, 'ఆ పిల్లకి తోడొస్తానంటే సిగ్గుపడతాది, తోడు నాకే కావాలని నువ్వడుగు' అని నా పీకల మీద కూకున్నాడు. లేవడానికి మూడు అలారాలమ్మా! మూడోది నా సెవి పక్కన!"

భువన ముక్కు చీదుకుంది. "నేనే ఆయన్ని నడిపిస్తున్నాననుకున్నా ఆంటీ. ఎవరికో పెద్ద సాయం చేస్తున్నట్టు, మా అమ్మకి ఫోన్‌లో గొప్పలు కూడా చెప్పా."

"నీకు ముందు రెండో అంతస్తు చైనా అవ్వకి లిఫ్టంటే భయం. ఓసారి ఇరుక్కుపోయిందిలే. నాలుగు నెలలు ఈయన గుత్తి కట్టుకుని ఆవిడతో లిఫ్టులో కిందికీ పైకీ తిరిగినాడు."

"లిఫ్టులో పప్పుగుత్తితో ఏం చేస్తారు ఆంటీ?"

"నానూ అదే అడిగినాను. ఆవిడ అడగలేదు కదా, అన్నాడు."

భువన కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఇంతకీ ఎక్కడున్నారు? కోవా ఆయన చేతికే ఇద్దామని."

"చింతపండు అయిపోయిందని కొట్టుకి పంపినాను. కింద కొట్టే. అయిదు నిమిషాల పని. గంటయింది."

ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశారు. కొట్టు ముందు యర్రయ్య లేడు. పిల్లల ఆటస్థలం పక్కన ఉన్నాడు. ఆయన ఎడంపక్కన ఒక ఆరడుగుల కుర్రాడు, కండలు చొక్కాలో పట్టడం లేదు. పోయిన వారమే పదకొండో అంతస్తులో దిగిన వరుణ్. బెంచీ కింద ఒక పిల్లి పడుకుని ఉంది. వరుణ్ ఆ పిల్లి వంక చూస్తూ యర్రయ్య భుజం గట్టిగా పట్టుకున్నాడు. యర్రయ్య చెయ్యి బెల్టు మీద పెట్టుకుని చాలా గంభీరంగా ఏదో చెబుతున్నాడు. రెండు చేతులూ చాచి కొలత చూపించాడు. చాలలేదు, బ్లాకు చివరి అంతస్తు వైపు చూపించాడు.

"ఓయ్!" అని కేకేసింది పైడమ్మ. "సింతపండూ!"

యర్రయ్య తలెత్తి చెయ్యి ఊపాడు. "వొస్తన్నానే! ఈ బాబుని జిమ్ దాకా దింపీసి వొచ్చీస్తాను!"

ఇద్దరూ బయల్దేరారు, కొట్టుకి సరిగ్గా ఎదురు దిక్కుకి. పైడమ్మ పొయ్యి కట్టేసింది. అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి ఉంది, పసుపూ నూనే కలిపి ఉంది, పోపు వేగి ఉంది. చింతపండు ఇంకా కొట్లోనే ఉంది.